సొట్ట మూత గీసిన వలయం

రోజూ మధ్యాహ్నం రెండింటికి, వంటింటి గట్టు తుడిచి, తడిగుడ్డ పిండి తీగ మీద ఆరేశాక, అట్టలమ్మ పది వలయాలు గీసేది. పదకొండేళ్ళు అదే వరస. జ్వరమొచ్చినా పదే, ఇంటినిండా చుట్టాలున్నా పదే. ఇప్పుడు పది కాదు. కూతురికి ఐదు, ఆటసామాన్ల కొట్టుకు ఇరవై. పీట అదే, కిటికీలోంచి ఒళ్ళో పడే ఎండ అదే. ఆ పదీ ఎవరి కోసమో ఆ మనిషి పోయి ఆరు నెలలు దాటింది.

అట్టలమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. మందుల కొట్టుకు వెళ్ళినా, చెప్పుల కొట్టుకు వెళ్ళినా "ఖాళీ అట్టపెట్టెలుంటే పారెయ్యకండి, పక్కన పెట్టండి" అని చెప్పి వచ్చేది. మొదట్లో వీళ్ళు ఇల్లు మారుతున్నారు కాబోలు అనుకున్నారు అందరూ. ఏడాది గడిచినా మారకపోయేసరికి ఆ పేరు ఖాయం చేశారు. పై వాటాలో బట్టలు కుట్టే పిన్ని అయితే, "ఇన్ని అట్టలు మోసుకొస్తున్నావు, వాటితో ఇంకో గది వేసుకోరాదుటే" అనేది.

ఆమె పెనిమిటి పంపుల కర్మాగారంలో లేతు యంత్రం మీద పనిచేసేవాడు. సాయంత్రం పని దిగాక నేరుగా ఇంటికి రావడం ఎరగడు. పాత గోదాము వెనక రేకుల షెడ్డుకు వెళ్ళేవాడు. అది ఎయిర్ రైఫిల్ క్లబ్బు. పేరుకు క్లబ్బే గానీ ఉన్నవి రెండు పాత రైఫిళ్ళు, నాలుగు బల్లలు, పది మీటర్ల అవతల ఇసుక బస్తాల గోడ, దాని నెత్తిన ఒక బల్బు. రైఫిలు క్లబ్బువాళ్ళది, గుళ్ళు ఎవరివి వాళ్ళవి. మిరియపు గింజంత సీసపు గుళ్ళు. అచ్చు వేసిన గురికార్డులు కొనాలంటే జేబు ఒప్పుకునేది కాదు. అందుకని అట్టలమ్మ పూనుకుంది. అట్టను అరచేతంత చదరాలుగా కోసి, గ్లాసు బోర్లించి పెద్ద వలయం, మూత పెట్టి లోపలి వలయం గీసి, ఆ లోపల కుంచెతో నల్ల సిరా నింపేది. పొద్దున అన్నం క్యారియరుతో పాటు పది కార్డులు ఆయన సంచిలో ఉండాల్సిందే.

ఆ మూత పాత గుళ్ళ డబ్బాది. ఒకరోజు ఆయన చూసుకోకుండా తొక్కేస్తే ఒక పక్క సొట్టపోయింది. దానితో గీసిన వలయం ఒకచోట గోరంత మేర బల్లపరుపుగా వచ్చేది.

"వేరే మూత చూడనా?" అని అడిగింది.

"వద్దే. సొట్ట కిందికి పెట్టి అంటిస్తే కార్డు తిన్నగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఇలాంటిది కొట్లో దొరకదు" అన్నాడు. ఆ మాటకు ఆమె వారం రోజులు మురిసిపోయింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఇద్దరూ నేల మీద కూర్చుని కార్డులు చూసేవాళ్ళు. అట్టలమ్మ బడిలో నేర్చుకున్నది తక్కువ. ఉత్తరం చదవాలంటే కూడబలుక్కోవాలి. కార్డు చదవడం మాత్రం ఆయన దగ్గర బాగా పట్టుబడింది.

"ఇలా చల్లినట్టు పడ్డాయనుకో, చెయ్యి వణికింది. పైకీ కిందికీ గీతలా పడితే ఊపిరి నిలవలేదు. రెండు కుప్పలుగా చీలితే మాత్రం మనిషి తప్పు కాదే, ఇనుము తప్పు" అనేవాడు.

అన్నీ చూసి దారంతో కట్టి రేకు పెట్టెలో దాచేది. లెక్కపెడితే ఎప్పుడూ ఒకటి తగ్గేది.

"పది ఇచ్చాను, తొమ్మిదే ఉన్నాయేం?"

"ఒకటి గాలికి ఎగిరిపోయింది."

"రోజూ అదే గాలా?"

"ఆ షెడ్డుకు తలుపు లేదు కదే మరి" అనేవాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. ఆమె నవ్వి ఊరుకునేది.

కూతురికి పదహారేళ్ళు. బక్కగా, గలగలలాడుతూ ఉంటుందని ఇంట్లో పిచ్చుక అంటారు. పన్నెండో ఏట నుంచి ఆదివారాలు తండ్రి వెంట షెడ్డుకు వెళ్ళి ఆయన వాడే క్లబ్బు రైఫిలుతోనే నేర్చుకుంది. తండ్రి కాల్చేసిన కార్డులను వెనక్కి తిప్పి వాటి మీద కాల్చేది. దాని చెయ్యి చూసి ఆయనకు ఎక్కడలేని గర్వం. దీనికో సొంత రైఫిలు కొనాలని ఏడాది పాటు కలవరించాడు.

"ఎలాంటిది కొంటారు?" అని అడిగితే బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ఆమె ముందు కూర్చుని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు.

"ఎంత దూరం కొడుతుంది, ఎంత గట్టిగా కొడుతుంది అని చూడకూడదు. పెట్టె మీద అంకె ఎంత పెద్దదైతే అంత అనుమానించాలి. పైన తగిలించే దుర్భిణీ చూసి మోజు పడకూడదు. గుండు పెట్టేందుకు మడిచే గొట్టం మూస్తే తలుపు గడియ పడ్డట్టు పడాలి, కదలకూడదు. ట్రిగ్గరు ప్రతిసారీ ఒకేచోట వదలాలి. ఇవన్నీ ఒక ఎత్తు. ఎవరు కాలుస్తారో వాళ్ళ చేత్తో ఐదు గుళ్ళు కాల్చి చూడాలి. ఐదు చిల్లులూ ఒక చొక్కా గుండీ కింద దాగాయా, కళ్ళు మూసుకుని తెచ్చుకోవచ్చు. మన తాహతులో అంతకన్నా అక్కర్లేదు."

"కళ్ళు మూసుకుంటే గురి ఎలా చూస్తారు?" అందామె. దానికి ఆయన నవ్విన నవ్వు పై వాటాకు వినబడింది.

రైఫిలు కొనకుండానే పోయాడు. ఒక మంగళవారం పొద్దున లేతు దగ్గరే కూలిపోయాడు. ఆ తర్వాత నాలుగు రోజులూ ఇంటినిండా జనం. ఎవరో చేతిసాయంగా ఇల్లు ఊడ్చి సర్దారు. ఆ సర్దుడులో సొట్ట మూత చెత్తలో పోయింది. ఎవరిని అడుగుతుంది? మనిషే పోతే మూత కోసం వెతుకుతోందేమిటి అనుకుంటారని నోరు మెదపలేదు. తర్వాత కూతురి క్రీము సీసా మూత తీసుకుంది. దాంతో వలయం చక్కగా, గుండ్రంగా వచ్చేది. అది చూసినప్పుడల్లా ఆమె కార్డును బోర్లా తిప్పేసేది.

ఆ రోజుల్లో ఆసరాగా నిలబడింది కొట్టు బాబాయి. అలా పిలిచేది పిచ్చుక. ఆటసామాన్ల కొట్టు ఆయనది, క్లబ్బు కార్యదర్శి కూడా ఆయనే. పెనిమిటిని "అన్నయ్యా" అని, ఆమెను "వదినా" అని నోరారా పిలిచేవాడు. "ఊరికే కూర్చుంటే మనసు పాడైపోతుంది వదినా. క్లబ్బుకు కూడా కార్డులు గీసిపెట్టండి, కాలక్షేపం" అన్నాడు. అదీ నిజమే అనుకుని గీయసాగింది. ఇంత ఇవ్వమని ఆమె అడగలేదు, ఇస్తానని ఆయనా అనలేదు.

రెండు నెలల్లో జిల్లా జట్టుకు ఎంపికలున్నాయి. తండ్రి సభ్యుడు కాబట్టి పిచ్చుక చేతికి ఇన్నాళ్ళూ క్లబ్బు రైఫిలు అందింది. ఇప్పుడు ఆ హక్కు లేదు. సొంతది ఉంటే షెడ్డులో కాల్చుకోనిస్తారట. అట్టలమ్మ ఆయన సైకిలూ చేతిగడియారం అమ్మి, కూతుర్ని వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళింది.

కొట్టంతా రబ్బరు వాసన. పైన వలల్లో బంతులు వేలాడుతున్నాయి. కొట్టు బాబాయి మూడు రైఫిళ్ళు తీసి బల్ల మీద పరిచాడు. మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది, పైన దుర్భిణీ.

"ఇది రేకును కూడా చిల్లు పొడుస్తుందమ్మా" అన్నాడు పిచ్చుకతో.

"రేకుతో మాకేం పని మరిదీ?" అంది అట్టలమ్మ.

"అచ్చం అన్నయ్య మాటే" అంటూ రెండోది ముందుకు జరిపాడు. నున్నటి చెక్క, ముట్టుకుంటే పట్టులా ఉంది. ధర చెప్పి, ఆమె మొహం చూసి, తనే పెట్టెలో పెట్టేశాడు. మూడోది మామూలుగా ఉంది. చెక్క మీద చిన్న గీత. ధర ఆమె కొంగున ఉన్నదానికి సరిగ్గా సరిపోయింది.

"ఇది ఐదు గుళ్ళు కాల్చి చూస్తుంది" అంది కూతుర్ని చూపించి.

"అయ్యో, షెడ్డుకు ఇవాళ్టి నుంచి సున్నం కొడుతున్నారు వదినా. నాలుగు రోజులు తాళం. అప్పటిదాకా ఈ సరుకు ఉండదు, ఇద్దరు బేరమాడి వెళ్ళారు. అయినా మీరు అడుగుతారని నిన్న నేనే కాల్చి చూశాను." సొరుగులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కార్డు ఒకటి తీశాడు. కింది అంచును బొటనవేలితో పట్టుకుని చూపించాడు. "ఇదిగో దీని జాతకం."

ఐదు చిల్లులు కలిసి ఒకటే చిల్లు అయ్యాయి. చొక్కా గుండీ పెడితే అంతా దాగిపోతుంది. ఆయన చెప్పింది చెప్పినట్టుగా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్న వస్తువులమ్మి కొంటున్నాం బాబాయ్" అంది పిచ్చుక మెల్లగా.

"నేను పరాయివాణ్ణా తల్లీ? ఈ కార్డు కూడా నీ దగ్గరే ఉంచుకో. రైఫిలు మీద ఎప్పుడైనా అనుమానం వస్తే చూసుకో" అన్నాడు.

ఐదు గుళ్ళు తమ చేత్తో కాల్చకుండానే ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన అన్నీ చెప్పి వెళ్ళాడు. చివరిదొక్కటే, అన్నిటికన్నా ముఖ్యమని చెప్పినదొక్కటే, ఆమె వదిలేసింది.

మొదటి వారం పిచ్చుక కార్డులు ఇంటికి తెచ్చి చూపించింది. రెండో వారం సంచిలోనే ఉంచింది. మూడో వారం అడిగితే విసుక్కుంది. ఐదో వారం ఒక సాయంత్రం రైఫిలును గోడకు ఆనించి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుంది.

"ఎంపికలకు వెళ్ళనమ్మా."

"ఏమొచ్చిందే?"

"నాన్నతో పాటే నా చెయ్యి కూడా పోయింది. నాన్న పక్కనుంటే పడేవి, ఇప్పుడు పడవు. రైఫిలు మంచిదే, బాబాయి కాల్చిన కార్డు చూశావుగా. నేనే పనికిరాను." బొటనవేలి గోరు కొరుకుతూ అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది తల్లికి.

మర్నాడు పిచ్చుక చదువుకు వెళ్ళాక అట్టలమ్మ ఆ సంచిలోంచి కార్డులన్నీ తీసి, ఎప్పటిలా నేల మీద వరసగా పరిచింది. ఒక్కర్తే కూర్చుని చదివింది. చల్లినట్టు లేవు. గీతల్లా లేవు. ప్రతి కార్డు మీదా రెండు కుప్పలు. కుడి పైన మూడైతే ఎడమ కింద రెండు, అక్కడ రెండైతే ఇక్కడ మూడు. ఏ కార్డు తీసినా అదే కథ.

ఆ సాయంత్రం పాత దిండు గలీబులో ఇసుక నింపి కుట్టి, చంకన పెట్టుకుని కూతురితో పాటు షెడ్డుకు వెళ్ళింది. రైఫిలును ఆ ఇసుక దిండు మీద ఆనించి కాల్చమంది. చెయ్యి వణికే వీలే లేదు. అయినా రెండు కుప్పలే. అప్పుడు గొట్టం కొస పట్టుకుని మెల్లగా ఊపింది. మూత సరిగా బిగవని డబ్బాలా 'టిక్' మంది. ఇంకోసారి ఊపింది, ఇంకోసారి 'టిక్'.

"విన్నావా?" అంది.

"ఏమిటది?"

"నీ చెయ్యి కాదే అది."

పిచ్చుక నమ్మలేదు. ఇంటికొచ్చి బాబాయి ఇచ్చిన కార్డు తల్లి ముందు పడేసింది. "అయితే ఇదేమిటి మరి? దీంతోనే కాల్చాడుగా."

అట్టలమ్మ కార్డును కవరులోంచి తీసింది. ఆ రోజు కొట్లో ఆమె చూసింది చిల్లునే. తన గీత తను చూసుకోలేదు. ఇప్పుడు వేలితో వలయం చుట్టూ తడిమింది. పైన గుండ్రం, పక్కన గుండ్రం, కింద బాబాయి బొటనవేలు ఉన్నచోట గోరంత బల్లపరుపు.

సొట్ట మూత.

ఆ మూతతో గీసిన కార్డులు ఒకే ఒక్క మనిషి సంచిలోకి వెళ్ళేవి. ఆ మూత పోయి ఆరు నెలలు. కొట్టు బాబాయి "నిన్న" అన్నది నెలన్నర కిందట. పిల్లకు అర్థమయ్యేలా ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మర్నాడు రైఫిలు దుప్పట్లో చుట్టుకుని ఒక్కతే కొట్టుకు వెళ్ళింది. బాబాయి రాకెట్టుకు తీగలు బిగిస్తున్నాడు.

"రండి వదినా, కూర్చోండి. కార్డుల సంగతి నేనే చెబుదామనుకుంటున్నా. ఎంపికలకు వంద కావాలి, శనివారానికి."

ఆమె కార్డు బల్ల మీద పెట్టింది. "దీన్ని ఎప్పుడు కాల్చావు మరిదీ?"

"అప్పుడే చెప్పానుగా. మీరు కొన్న ముందురోజు."

"ఈ సొట్ట చూడు. ఈ మూత ఆయన పోయిన వారమే చెత్తలో పోయింది. పోయిన మూతతో నీకెలా గీసిచ్చాను?"

బాబాయి రాకెట్టు పక్కన పెట్టాడు. గుండ్రమంటే గుండ్రమే అనుకుని ఆ సొట్టను ఎన్నడూ గమనించని మనిషి. కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. కాదని అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. అన్నా బాగుండేది.

"అన్నయ్యే ఇచ్చాడు వదినా" అన్నాడు.

"దేనికి?"

సమాధానంగా కింది సొరుగు లాగాడు. రబ్బరు బ్యాండ్లతో కట్టిన కట్టలు. ఒకటి, రెండు, పది. పైన ఉన్నదాన్ని చూడగానే తెలిసిపోయింది. అన్నిటికీ కింద గోరంత బల్లపరుపు.

"రోజుకొకటి. బాగా పడ్డది ఏరి ఇచ్చేవాడు. కొనడానికొచ్చినవాళ్ళకు చూపించుకో, నమ్మకం కుదురుతుంది అన్నాడు. నేను గుళ్ళ డబ్బాలు సగం ధరకు ఇచ్చేవాణ్ణి. పదేళ్ళుగా ఉన్నదే." చాలా మామూలుగా అడిగాడు. "మీకు చెప్పలేదా?"

తలుపు లేని షెడ్డు. రోజూ ఒకటే గాలి. అట్టలమ్మ దుప్పటి విప్పింది.

"ఇది ఏమైంది?" అని రైఫిలు చూపించింది.

"ఎవరో గొట్టం తెరిచి ఉండగా ట్రిగ్గరు లాగారు. అది ఒక్కసారిగా మూసుకుని గొట్టం వంగితే తిన్నగా చేయించాను. కీలు కాస్త వదులైంది, అంతే. నేర్చుకునే పిల్ల కదా, మొదటి రైఫిలుకు ఇది చాలనుకున్నా."

"నేర్చుకునే పిల్ల చెయ్యి పోయిందనుకుంది. ఐదు వారాలు."

"పిల్లలన్నాక అనుకుంటారు వదినా."

ఆ సొరుగులోని కార్డులు చూసి ఇంకెందరు ఏ రైఫిళ్ళు కొన్నారో. ఇంకెందరు పిల్లలు తమ చేతులే చేతగానివని రైఫిలు గోడకు ఆనించేశారో. గీసింది తను. చిల్లు పెట్టింది ఆయన. ఈ మనిషి చేసింది చూపించడమొక్కటే. ఆ ఆలోచన వచ్చాక ఆమెకు గట్టిగా ఒక మాట అనే ఓపిక కూడా లేకపోయింది.

"సరుకు వెనక్కి తీసుకుంటాలెండి, వచ్చే నెల సర్దుతా" అన్నాడు బాబాయి. "ఎంపికల రోజు అమ్మాయికి అన్నయ్య వాడిన క్లబ్బు రైఫిలే ఇప్పిస్తా, కార్యదర్శిని నేనేగా. మీరు మాత్రం ఆ వంద కార్డులూ ఆపకండి. బయట కొనాలంటే చాలా అవుతుంది. మనలో మనకు ఇదంతా పైకి రావడం దేనికి చెప్పండి?"

ఆమె రైఫిలు బల్ల మీద వదిలి, ఖాళీ దుప్పటి మడిచి చంకన పెట్టుకుని వచ్చేసింది. సొరుగులో ఉన్న కార్డులు అడగలేదు.

పిచ్చుక గుమ్మంలోనే ఉంది. "ఏమన్నాడమ్మా?"

చెప్పకుండా ఉండొచ్చు. బాబాయి కార్డులు దొంగిలించాడంటే సరిపోతుంది. తండ్రి తండ్రిలాగే మిగిలిపోతాడు. ఆమె చెప్పులు విప్పేంతసేపూ అదే ఆలోచించింది. కానీ చెప్పకుండా ఉండడం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసొచ్చింది.

"నాన్నే ఇచ్చేవాడట. రోజుకొకటి. గుళ్ళ కోసం."

"నాన్నా?" పిల్ల గొంతు సన్నబడింది. "మన రైఫిలు గురించి తెలియదుగా నాన్నకి?"

"తెలియదు. అది ఆయన పోయాక జరిగింది."

"మిగతావాళ్ళ రైఫిళ్ళ గురించో?"

అట్టలమ్మ ఖాళీ దుప్పటిని దండెం మీద వేసింది. తర్వాత పిచ్చుక తల్లి నోట క్లబ్బు రైఫిలు సంగతీ, వంద కార్డుల సంగతీ విని, "అంటే కార్డులివ్వకపోతే నాకు రైఫిలు ఇవ్వడు" అంది.

"అవును. ఎంపికలు పోతాయి."

పిల్ల పెరట్లోకి వెళ్ళి మెట్టు మీది ఇటుక తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుని, చెయ్యి ముందుకు చాచి, గోడకు ఎదురుగా నిలబడింది. తండ్రి నేర్పిన కసరత్తే. అరవై లెక్కపెట్టేదాకా ఇటుక కదలకూడదు. అట్టలమ్మ వంటింటి గుమ్మంలోంచి మనసులోనే లెక్కపెట్టింది. అరవై దాటింది. ఇటుక కదల్లేదు.

"చూశావా?" అంది పిచ్చుక వెనక్కి తిరగకుండా.

"చూశాను."

"నా చెయ్యి బాగానే ఉంది."

"బాగానే ఉంది."

"అయితే వచ్చే ఏడు వెళ్తాలే" అని ఇటుక మళ్ళీ మెట్టు మీద పెట్టింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి అట్టలమ్మ గట్టు తుడిచి, తడిగుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. పీట వాల్చుకుంది. కోసి పెట్టిన వంద అట్ట చదరాలు ఎదురుగా ఉన్నాయి. గ్లాసు ఉంది, మూత ఉంది, సిరాలో కుంచె ఉంది. ఎండ వచ్చి ఒళ్ళో పడింది.

పై నుంచి కుట్టుపిన్ని కేకేసింది. "ఏమే, ఇవాళ అట్టల పని లేదా? చప్పుడే లేదు."

"ఉంది పిన్నీ."

"మరి చెయ్యట్లేదేం?"

"చెయ్యట్లేదు" అంది.

నాలుగింటికి కొట్టు బాబాయి మనిషి కార్డుల కోసం వచ్చి తలుపు తట్టాడు. ఆమె వంద చదరాలనూ దారంతో కట్టి అతని చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. అతను మెట్ల మీదే ఆగి కట్ట విప్పి చూసుకున్నాడు. ఏ ఒక్కదాని మీదా గీత లేదు.